ఈ చార్టు ఎవరు వేస్తారు? పైలట్ల గొడవ అసలు ఎక్కడుంది

ఆమధ్య మా చిన్నాయన కొడుకు కడపకు వచ్చాడు. హైదరాబాద్‌లో ఉంటాడు, ఒక విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కాక్‌పిట్‌లో కుడివైపు సీటు వాడిది. పొద్దున కారం దోసె ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నవాడు ఫోన్ మోగగానే చూసి తినడం ఆపేశాడు. రోస్టర్, అంటే డ్యూటీ చార్టు, మారింది. మర్నాడు సాయంత్రం డ్యూటీ ఉండాల్సింది, దాని బదులు తెల్లవారుజామున నాలుగు నుంచి స్టాండ్‌బై, అంటే పిలిస్తే వెంటనే వెళ్లడానికి సిద్ధంగా ఉండే డ్యూటీ, వేశారు. ఆ రాత్రికి ఇక్కడే పడుకుని మర్నాడు నిదానంగా పోదామనుకున్నవాడు, ఇప్పుడు మధ్యాహ్నానికే బండెక్కాలి.

మా నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు రిటైరయ్యాడు. కళ్లద్దాలు తెప్పించుకుని ఆ ఫోన్ తీసుకుని రంగురంగుల గళ్ల రోస్టర్‌ను చాలాసేపు చూశాడు. తర్వాత ఒకే మాట అడిగాడు.

"ఈ చార్టు ఎవరు వేస్తార్రా?"

"సాఫ్ట్‌వేర్ వేస్తాది పెద్నాయనా."

"మార్చమని అడగాలంటే ఎవరి దగ్గరికి పోవాల?"

వాడికి వెంటనే జవాబు దొరకలేదు. క్రూ షెడ్యూలింగ్ అని ఒక నంబర్ ఉంటుంది, ఫోన్ చేస్తే ఎవరో ఎత్తుతారు, సిస్టమ్‌లో అలా ఉంది సార్ అంటారు, అంతే. నాన్న కాలంలో చార్టు డిపో బోర్డు మీద అంటించేవాళ్లు, వేసిన మనిషి కిటికీ వెనకే కూర్చుని ఉండేవాడు, ఊర్లో పెళ్లుందనో పిల్లాడికి బాగలేదనో చెప్పుకోవడానికీ, మాట వినకపోతే గట్టిగా అరవడానికీ ఒక మొహం ఉండేది. దానికీ మించితే యూనియన్ సెక్రటరీ ఉండేవాడు.

పైలట్ల గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా మన దగ్గర మొదటి మాట జీతం గురించే వస్తుంది. లక్షల్లో తీసుకుంటారు కదా, ఇంకేం కావాలంట వీళ్లకి అని. ఆ రోజు వరకూ నేనూ దాదాపు అలాగే అనుకున్నాను. తర్వాత వాడిని కూర్చోబెట్టి అడిగి, కొంత చదివి, నాకు అర్థమైంది ఏమిటంటే డబ్బు గొడవ ఉంది గానీ అది పైపొర. అడుగున ఉన్నది టైమ్ గురించిన గొడవ, ఆ మనిషి నిద్రా మెలకువా ఎవరి చేతిలో ఉన్నాయనే గొడవ. దాని గురించి కూర్చుని మాట్లాడుకునే దారులు దాదాపు అన్నీ మూసుకుపోయి ఉండడం వల్లే, అది నెలల తరబడి లోపల ఉడికి ఒక రోజు ఎయిర్‌పోర్టులో మన నెత్తిన పేలుతుంది.

మొదట జీతం లెక్కే చూద్దాం, ఎందుకంటే అందులోనే టైమ్ దాగుంది. చాలా కంపెనీల్లో పైలట్ జీతం రెండు ముక్కలు. నెలకు ఇన్ని గంటలకని ఫిక్స్‌డ్, దాని మీద ఎగిరిన ప్రతి గంటకూ అదనం. ఆ ఎగిరిన గంట అంటే విమానం తన జాగాలోంచి కదిలినప్పటి నుంచి మళ్లీ ఇంకో జాగాలో ఆగేదాకా. ఇంట్లో పికప్ కారెక్కింది, ముందుగా రిపోర్ట్ చేసి వాతావరణం కాగితాలు చదివింది, పొగమంచు తేలేదాకా కాక్‌పిట్‌లో కూర్చుంది, రెండు ఫ్లైట్ల మధ్య ఎయిర్‌పోర్టులో కాచుకుంది, ఇవేవీ అందులోకి రావు. పదకొండు గంటల డ్యూటీలో ఎగిరిన గంటలు ఐదే ఉండొచ్చు. అందుకే ఆ ఫిక్స్‌డ్ గంటల సంఖ్య మీద చెయ్యి పడితే పైలట్లు ఊరుకోరు. 2024 ఏప్రిల్‌లో విస్తారాలో జరిగింది అదే. ఎయిర్ ఇండియాలో కలపడానికి ముందు 70 గంటల ఫిక్స్‌డ్‌ను 40 గంటలకు దించుతూ కొత్త కాంట్రాక్టు మీద సంతకాలు అడిగారు. పైలట్లు ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో బాగలేదని చెప్పడం మొదలైంది, ఫ్లైట్లు వరసగా రద్దయ్యాయి, చివరికి కంపెనీ రోజుకు పాతిక ముప్పై ఫ్లైట్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. రోస్టర్లు మరీ బిగించేశామని కంపెనీ పెద్దలే అప్పుడు ఒప్పుకున్నారు. కాగితం మీద అది జీతం గొడవ. మనుషులకు ఊపిరాడనంత బిగుతుగా చార్టు వేసి, ఆ చార్టుకు ఇచ్చే డబ్బు కూడా తగ్గిస్తామంటే వచ్చిన గొడవ అది.

ఇక నిద్ర సంగతి. రాత్రి రెండు నుంచి పొద్దున ఆరు దాకా మనిషి ఒళ్లు నిద్రనే కోరుకుంటుంది, ఎంత కాఫీ తాగినా. నైట్ సర్వీసు నడిపిన ఏ డ్రైవర్‌ని అడిగినా, రాత్రంతా బాగానే ఉంటుంది, తెల్లవారే ముందు గంటే ప్రమాదం అని చెబుతాడు. మా నాన్న ఆ గంటలో కిటికీ అద్దం తీసి మొహానికి గాలి కొట్టించుకునేవాడంట, అప్పటికీ ఆగకపోతే బండి పక్కకు ఆపి నీళ్లు చల్లుకునేవాడంట. ఆకాశంలో బండి పక్కకు ఆపే వీల్లేదు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. రాత్రంతా దుబాయ్ నుంచి వచ్చిన ఫ్లైట్ అది. బ్లాక్ బాక్స్ రికార్డింగ్ రెండు గంటల చిల్లర ఉంటే, అందులో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నట్టు తేలింది. లేచాక కూడా మత్తు వదలక నిర్ణయం తప్పి ఉండొచ్చని విచారణ నివేదికలో రాశారు. అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర ఒక చిన్న ఎయిర్‌లైన్ విమానం కూలి 50 మంది పోయిన తర్వాతే అక్కడ పైలట్ల విశ్రాంతి నిబంధనలు తిరగరాశారు.

మన దగ్గర ఈ నిబంధనలను ఎఫ్‌డీటీఎల్ అంటారు. పైలట్ ఎన్ని గంటలు ఎగరొచ్చు, ఎన్ని గంటలు డ్యూటీలో ఉండొచ్చు, మధ్యలో ఎంత విశ్రాంతి అని డీజీసీఏ, అంటే విమానయానాన్ని అదుపు చేసే కేంద్ర సంస్థ, పెట్టే హద్దులు. 2024 జనవరిలో డీజీసీఏ వీటిని మార్చింది. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 గంటలైంది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఐదు దాకా అని ఉండేది, దాన్ని ఆరు దాకా పొడిగించారు. రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగుల దాకా చేయించగలిగేవాళ్లు, దాన్ని రెండుకు దించారు. ఈ చివరిది చిన్న విషయంలా కనపడుతుంది గానీ పైలట్‌కి అన్నిటికన్నా ఒళ్లు హూనమయ్యేది టేకాఫ్, ల్యాండింగ్ దగ్గరే, పైన ఎగిరేటప్పుడు కాదు. నిద్ర కళ్లతో ఒకే రాత్రి ఆరుసార్లు నేలకు దించడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి.

కొత్త నిబంధనలు 2024 జూన్ 1 నుంచి రావాలి. రాలేదు. కంపెనీలు టైమ్ కావాలన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయాయి. అక్కడ చివరికి రెండు విడతలుగా అమలు చేస్తామని డీజీసీఏ ఒప్పుకుంది, మొదటిది 2025 జులై 1న, రెండోది నవంబర్ 1న. అంటే మార్పు రాబోతోందని అందరికీ దాదాపు రెండేళ్ల ముందు తెలుసు.

తర్వాత డిసెంబర్‌లో ఏం జరిగిందో టీవీల్లో అందరం చూశాం. దేశంలో ఎగిరే వాళ్లలో 60 శాతానికి పైగా ఎక్కేది ఇండిగోనే. 2025 డిసెంబర్ 3 నుంచి 5 దాకా మూడే రోజుల్లో ఆ సంస్థ ఫ్లైట్లు 2,507 రద్దయ్యాయి, ఇంకో 1,852 ఆలస్యమయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ఎక్కడివాళ్లు అక్కడ ఇరుక్కుపోయారు. కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన తెలుగువాడే కాబట్టి ఇక్కడ చర్చ ఇంకొంచెం వేడెక్కింది, ఆయన తప్పా కంపెనీ తప్పా అని. ఆ హడావుడిలో ఒక లెక్క మరుగున పడిపోయింది. కొత్త నిబంధనల ప్రకారం ఇండిగోకు కావాల్సిన కెప్టెన్లు 2,422 మంది, ఉన్నది 2,357. తేడా 65. దేశం మొత్తం నిలిచిపోవడానికి 65 మంది తక్కువైతే చాలా అంటే, చార్టు అంత బిగించి వేస్తే చాలు. ఒక్కరికి జ్వరం వచ్చినా, ఒక్క ఫ్లైట్ పొగమంచులో ఇరుక్కుని సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయినా, వాళ్ల స్థానంలో వచ్చేవాళ్లు ఉండరు, ఆ తర్వాతి ఫ్లైట్ ఆగుతుంది, దాని తర్వాతిదీ ఆగుతుంది. డీజీసీఏ విచారణలో కూడా ఇదే బయటపడింది, ఉన్న మనుషుల్నీ విమానాల్నీ ఆఖరి చుక్క దాకా పిండేలా ప్లాన్ చేశారని, మార్పుకు సరిగా సిద్ధం కాలేదని. 22 కోట్ల 20 లక్షల జరిమానా వేశారు.

కానీ పైలట్లకు కడుపు మండింది జరిమానా దగ్గర కాదు. గొడవ ముదిరిన రోజున ఏం చేశారు? రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. వారపు విశ్రాంతికి బదులు సెలవును లెక్కగట్టకూడదన్న నిబంధననైతే అన్ని సంస్థలకూ వెనక్కి తీసుకున్నారు. ప్రయాణికులు నేల మీద పడుకుని ఉంటే ప్రభుత్వం ఏదో ఒకటి చెయ్యక తప్పదు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా పైలట్ వైపు నుంచి చూడండి. కోర్టుకెక్కి, రెండేళ్లు కాచుకుని తెచ్చుకున్న నిద్ర అది. కంపెనీ సిద్ధం కాలేదు, జనం అల్లాడారు, చివరికి తగ్గించింది మాత్రం పైలట్ నిద్రే. నిబంధన పాటించకపోతే నిబంధనే పక్కకు జరుగుతుందని ఒకసారి చూపించాక, రేపు ఏ కంపెనీ ఎందుకు ముందుగా మనుషుల్ని పెట్టుకుంటుంది? ఎయిర్‌లైన్ పైలట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఆ మినహాయింపును తప్పుబట్టింది కూడా అందుకే.

కంపెనీ వైపు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు ఉన్న ఒత్తిడి కల్పితం కాదు. చాలా విమానాలు లీజువే, ఆ అద్దె డాలర్లలో కట్టాలి, విమానం నేల మీద ఉన్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే రాత్రి పూట కూడా ఎగరాలి, లేకపోతే మనకు ఆ రేటుకు టికెట్ రాదు. కెప్టెన్లను కూడా అడగ్గానే తేలేరు. కమర్షియల్ లైసెన్సుకే 200 గంటలు ఎగరాలి, కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్సుకు 1,500 గంటలు, ఆ తర్వాత కంపెనీలో పరీక్షలు, ట్రైనింగ్. ఈ ఏడాది కావాల్సిన కెప్టెన్ కోసం కొన్నేళ్ల ముందే ఒకరిని చేర్చుకుని ఉండాలి. ఇదంతా నిజం. కానీ ఇంత టైమ్ పడుతుందని అందరికన్నా బాగా తెలిసింది కంపెనీకే కదా, మరి తెలిసి ఎందుకు ముందే చేర్చుకోలేదు అన్నదే పైలట్ల ప్రశ్న. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ పైలట్స్ డిసెంబర్‌లో బహిరంగంగా అడిగింది కూడా అదే, రెండేళ్ల గడువు ఇస్తే ఆ రెండేళ్లూ కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసి కూర్చున్నారేంటని.

మరి ఇంత కష్టంగా ఉంటే మానేసి వేరే కంపెనీకి పోవచ్చు కదా అని నేను మా తమ్ముడిని అడిగాను. వాడు వివరంగా చెప్పాడు. 2017లో డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ మానాలంటే ఆరు నెలల నోటీసు, కెప్టెన్ అయితే ఏడాది. పైలట్లు హఠాత్తుగా వెళ్లిపోతే జనం ఇబ్బంది పడతారన్నది దాని వెనక ఉద్దేశం, అది అబద్ధం కాదు. 2023లో ఆకాశా ఎయిర్‌లో 43 మంది నోటీసు పూర్తి చేయకుండా పోతే ఫ్లైట్లు రద్దయ్యాయి, ఆ కంపెనీ కోర్టుకెక్కింది. కానీ ఒక మనిషి ఉద్యోగం మారడానికి ఏడాది పడుతుందంటే, బేరం ఆడేటప్పుడు అతని మాటకు బరువెంత ఉంటుంది? వేరే కంపెనీ ఏడాది తర్వాత వస్తానంటే సీటు ఉంచుతుందా? ఇంకా ట్రైనింగ్ బాండ్లు ఉంటాయి, అంటే ఇన్నేళ్ల లోపు మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కట్టాలన్న ఒప్పందాలు, ఇంట్లో పొలం తాకట్టు పెట్టి చదివిన అప్పు ఉంటుంది. మా చిన్నాయన వాడి ట్రైనింగుకి చెన్నూరు వైపు ఉన్న చేను అమ్మేశాడు.

సమ్మె చేయొచ్చు కదా అంటే, అది ఇంకా కష్టం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సగం మంది ఒకే రోజు మూకుమ్మడిగా సెలవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. అసలు పైలట్ చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అన్న వాదన కూడా కోర్టుల దాకా పోయిన విషయమే. ఈ దారి పట్టినవాళ్లకు ఏమైందో పాత కథలు చెబుతాయి. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే ఇద్దరిని తీసేశారు, దాంతో సెప్టెంబర్‌లో వందల మంది ఒక్కసారిగా సిక్ లీవ్ పెట్టారు, ఐదు రోజులు దేశం అతలాకుతలమైంది. 2012లో ఎయిర్ ఇండియాలో 58 రోజుల సమ్మె జరిగింది. 2007లో ఎయిర్ ఇండియానూ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నూ కలిపారు గానీ రెండు వైపుల పైలట్ల సీనియారిటీ, ట్రైనింగ్ లెక్కలు తేల్చలేదు, కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల మీద ట్రైనింగ్ ఎవరికి అన్న దగ్గర అది పేలింది. మేనేజ్‌మెంట్ వంద మంది దాకా పైలట్లను తీసేసింది, వాళ్ల సంఘం గుర్తింపు రద్దు చేసింది. విలీనం నిర్ణయం పైన తీసుకున్నారు, ఐదేళ్ల పాటు దాని బాధ కింద అనుభవించారు.

కాబట్టి పైలట్‌కి మిగిలిన దారి సిక్ లీవ్. మూకుమ్మడి సిక్ లీవ్ అని వార్త వచ్చినప్పుడు మనకు కోపం రావడం సహజమే, పెళ్లికో ఆస్పత్రికో పోయేవాళ్లు మధ్యలో ఇరుక్కుంటారు. ఆ కోపం నాకూ వస్తుంది. కానీ దాని వెనక ఉన్నది ఏమిటంటే, రాజీనామా ఏడాది దూరంలో ఉంది, సమ్మె చట్టం గడప దగ్గర ఆగిపోతుంది, షెడ్యూలింగ్ నంబర్‌కి చేస్తే సిస్టమ్‌లో అలా ఉంది సార్ అంటున్నారు. మాట్లాడే తలుపులు మూశాక మిగిలింది మంచం మీద పడుకోవడమే.

అమెరికాలో ఈ మాట్లాడుకునే పద్ధతిని వేరేలా కట్టారు. అక్కడ 1926లో రైల్వేల కోసం చేసిన కార్మిక చట్టాన్ని 1936లో ఎయిర్‌లైన్లకూ వర్తింపజేశారు. దాని ప్రకారం కంపెనీకీ పైలట్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం గడువు తీరినా రద్దు కాదు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. మధ్యవర్తిత్వానికి జాతీయ బోర్డు ఒకటి ఉంటుంది, ఇక కుదరదని ఆ బోర్డు వదిలేశాక కూడా 30 రోజులు ఆగాలి, అప్పుడే సమ్మె. వినడానికి బాగుంటుంది గానీ, పాత ఒప్పందమే నడుస్తుంది కాబట్టి కంపెనీ సాగదీసినన్నాళ్లూ సాగుతుంది, పాత జీతాల మీదే ఏళ్లు గడిచిపోతాయి. అక్కడి పైలట్ల చిరాకంతా ఆ సాగదీత మీదే. పైగా అక్కడ అంతా సీనియారిటీ, ఇరవై ఏళ్ల కెప్టెన్ కంపెనీ మారితే మళ్లీ లిస్టులో అట్టడుగున చేరాలి. అందుకని వాళ్లూ కదల్లేరు. కానీ ఓపిక పట్టాక ఫలితం వచ్చింది, 2023 మార్చిలో డెల్టా అనే ఎయిర్‌లైన్ పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపు సాధించారు, 2024 జనవరిలో సౌత్‌వెస్ట్ అనే ఇంకో ఎయిర్‌లైన్ పైలట్లకు సుమారు 50 శాతం వచ్చింది.

ఆ సౌత్‌వెస్ట్ కథ విన్నప్పుడు నాకు మన డిసెంబరే కళ్ల ముందుకు వచ్చింది. 2022 క్రిస్మస్ సమయంలో మంచు తుపాను వచ్చింది, మిగతా కంపెనీలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి, సౌత్‌వెస్ట్ మాత్రం దాదాపు 16,700 ఫ్లైట్లు రద్దు చేసుకుంది. కారణం, ఏ పైలట్ ఏ ఊర్లో ఉన్నాడో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌కే తెలియకుండా పోయింది. పైలట్లు తామున్న చోటు చెప్పడానికి ఫోన్ లైన్‌లో గంటల తరబడి వేచి ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది, ఒకరోజు కూలుతుంది అని వాళ్ల పైలట్ల సంఘం అంతకు ముందు నుంచే చెబుతూ వచ్చింది. జీతం పెంచమని అడిగినప్పుడు ఒక మాదిరిగా విన్న మేనేజ్‌మెంట్, నీ చార్టు వేసే పద్ధతి బాగలేదు అన్నప్పుడు వినలేదు. అక్కడి రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

చివరగా మన ఊరి మాట ఒకటి. కడప ఎయిర్‌పోర్టు 2015 జూన్ 7న మొదలైనప్పుడు తొలి విమానం ఎయిర్ పెగాసస్‌ది, ఏడాది తిరగ్గానే ఆ సంస్థ మూతపడింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం ప్రారంభించిన రోజున ప్రధాని జెండా ఊపిన రూట్లలో కడప-హైదరాబాద్ ఒకటి, నడిపింది ట్రూజెట్, రాంచరణ్ బొమ్మతో ప్రకటనలు వచ్చేవి. 2022లో అదీ ఆగిపోయింది. టికెట్ దొరక్క మనం కొన్నాళ్లు తిట్టుకుని మళ్లీ రైలెక్కాం. ఆ కాక్‌పిట్లలో కూర్చున్నవాళ్లు ఏమయ్యారని అప్పుడు ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. కంపెనీ మునిగిపోతుందన్న భయం పైలట్ల నోరు ఎంత గట్టిగా మూస్తుందో 2019లో జెట్ ఎయిర్‌వేస్‌లో కనపడింది. నెలల తరబడి జీతాలు లేవు, జీతం ఇవ్వకపోతే ఎగరం అని పైలట్లు తేదీ పెట్టారు, కంపెనీ బతకాలని ఆ తేదీని వాళ్లే ముందుకు జరుపుకుంటూ పోయారు. ఏప్రిల్ 17న విమానాలన్నీ ఆగిపోయాయి.

మా తమ్ముడు ఆ రోజు మధ్యాహ్నమే బయల్దేరాడు. చిన్నమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా వెనక సీట్లో పెట్టుకున్నాడు. నాన్న కారు దాకా వచ్చి, కర్నూలు దాటినాక ఎక్కడన్నా ఆగి ఒక గంట పడుకోరా, నాలుక్కి లేచేది ఉండాది నీకు అని రెండుసార్లు చెప్పాడు. వచ్చే ఏడాది వాడికి కెప్టెన్‌గా అప్‌గ్రేడ్ వచ్చే అవకాశం ఉంది, చిన్నాయన ఇప్పటి నుంచే దేవుని కడపలో మొక్కుకుంటున్నాడు. ఆ భుజం మీద కెప్టెన్ గుర్తయిన నాలుగో పట్టీ పడిన రోజునే వాడి నోటీసు ఆరు నెలల నుంచి ఏడాదికి మారుతుందని ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.